కలిసి పరుగెత్తేవారి ఆరోగ్యం: లండన్ మారథాన్ శిక్షణ నుండి కొన్ని పాఠాలు

ప్రతి సంవత్సరం ఏప్రిల్ నెలలో లండన్ నగరపు వీధులు కొన్నిటిని వాహనాలకు మూసివేసి, పరుగెత్తేవారికి అప్పగిస్తారు. గ్రీనిచ్, బ్లాక్‌హీత్ ప్రాంతంలో బయలుదేరి, కట్టీ సార్క్ అనే పాత ఓడ పక్కగా, టవర్ బ్రిడ్జి మీదుగా, థేమ్స్ నది గట్టు వెంట సాగి, బకింగ్‌హామ్ రాజభవనం దగ్గరి మాల్ రోడ్డులో ముగిసే ఈ పందెం దూరం 42.195 కిలోమీటర్లు. 1981 మార్చి 29న క్రిస్ బ్రాషర్, జాన్ డిస్లీ అనే ఇద్దరు పాత క్రీడాకారుల ప్రయత్నంతో ఇది మొదలైంది. ఆ రోజు ఆరు వేల పైచిలుకు మంది పందెం పూర్తి చేశారు. ముందుగా వచ్చిన ఇద్దరు, ఒకరు అమెరికా దేశస్థుడు, మరొకరు నార్వే దేశస్థుడు, చేతులు పట్టుకొని ఒకేసారి గీత దాటారు. ఈ మధ్య సంవత్సరాలలో పూర్తి చేసేవారి సంఖ్య యాభై వేలు దాటింది.

వీరిలో అత్యధికులు క్రీడాకారులు కారు. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, నర్సులు, తల్లులు, పదవీ విరమణ చేసినవారు. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు పిల్లలు కూడ ఊరి రన్నింగ్ క్లబ్బులో చేరి, “అమ్మా, ఈసారి నేను మారథాన్ పరుగెత్తుతున్నాను” అని ఫోనులో చెబుతున్నారు. ఇటు వింటున్న తల్లిదండ్రులకు సంతోషించాలో భయపడాలో తెలియదు. ఆ తల్లిదండ్రుల కోసమూ, మన పట్టణాలలో తెల్లవారుజామున గుంపులుగా పరుగెత్తుతున్నవారి కోసమూ ఈ పాఠం.

నాలుగు నెలల శ్రమ

ఏప్రిల్‌లో పందెం కనుక సాధన డిసెంబరు చివరనో జనవరి మొదటనో ప్రారంభం కావాలి. అంటే ఇంగ్లండులో చలి, వాన, సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడే కాలం. వారం మధ్యలో ఒకటి రెండు సాయంత్రాలు క్లబ్బు సభ్యులు కలిసి పరుగెత్తుతారు. వారాంతంలో ఒక పెద్ద పరుగు ఉంటుంది. జనవరిలో 12 లేక 15 కిలోమీటర్లతో మొదలైన ఈ పెద్ద పరుగు మార్చి చివరికి 30 కిలోమీటర్ల దాకా పెరుగుతుంది. పందెం ఇంకా రెండు మూడు వారాలు ఉందనగా దూరం తగ్గించివేస్తారు. కొత్తవారికి ఈ తగ్గింపు నచ్చదు, సోమరులమైపోతున్నామేమో అని భయపడతారు. కాని అంతవరకు పడిన దెబ్బలను శరీరం బాగు చేసుకునేది ఆ వారాలలోనే.

ఒంటరిగా ఈ పని చేయడం ఎంత కష్టమో ఆలోచించండి. జనవరి నెల, చినుకులు, బయట రెండు డిగ్రీల చలి. మంచం దిగాలనిపించదు. అయితే వీధి మలుపులో నలుగురు మన కోసం నిలబడి ఉన్నారని తెలిస్తే లేచి వెళ్తాము. మంచి క్లబ్బులలో గుంపుకు చివర ఒక అనుభవజ్ఞుడు ఉంటాడు. అందరికంటె నెమ్మదైన వ్యక్తిని ఒంటరిగా వదలకుండ అతనితోనే రావడం ఆయన పని. చీకటిలో మెరిసే చొక్కా, తలకు చిన్న దీపం, జేబులో ఇంటి ఫోను నంబరు రాసిన కాగితం ఉన్నాయో లేదో చూసేది కూడ ఆయనే. నా దృష్టిలో కోచ్ కంటె ఈ చివరి మనిషే ముఖ్యుడు.

వేగం విషయంలో ఒక సులభమైన పరీక్ష ఉంది. పెద్ద పరుగులో పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట తెగి, రెండు పదాలకొకసారి ఊపిరి పీల్చవలసి వస్తే ఆ వేగం మీది కాదు, పక్కవాడిది. కొత్త సభ్యులు తరచుగా చేసే పొరపాటు ఇదే, తమకంటె వేగంగా పరుగెత్తేవారి గుంపులో చేరి ప్రతి ఆదివారం పందెం పెట్టుకోవడం.

ఇంత పెద్ద పరుగులు ఎందుకు? మన కండరాలలో, కాలేయంలో పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. ఆ నిల్వ సుమారు 400 నుండి 500 గ్రాములు, అంటే రెండు వేల కేలరీల లోపు. పరుగులో కిలోమీటరుకు, శరీర బరువు కిలోకు, సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషికి పందెం మొత్తానికి దాదాపు మూడు వేల కేలరీలు కావాలి. లెక్క సరిపోదు. అందుకే 30 కిలోమీటర్లు దాటిన తర్వాత చాలమందికి కాళ్ళు సీసంలా బరువెక్కి, గోడకు గుద్దుకున్నట్లు ఆగిపోతారు. సాధన వల్ల శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకోవడం నేర్చుకుంటుంది. మిగిలిన లోటు దారిలో తినే తీపి పదార్థంతో పూడ్చాలి. ఏది తింటే కడుపు ఒప్పుకుంటుందో సాధన రోజులలోనే తెలుసుకోవాలి, పందెం రోజున కొత్తది ప్రయత్నించకూడదు.

దీనివల్ల కలిగే మేలు

2016, 2017 సంవత్సరాలలో లండన్ మారథాన్‌కు మొదటిసారి సిద్ధమవుతున్న 138 మందిని వైద్యులు సాధనకు ముందు, పందెం తర్వాత పరీక్షించారు. 2020లో ప్రకటించిన ఫలితాల ప్రకారం వారి రక్తపోటు పై అంకె 4, క్రింది అంకె 3 చొప్పున తగ్గింది. బృహద్ధమని, అనగా గుండె నుండి బయలుదేరే పెద్ద రక్తనాళం, మెత్తబడి సుమారు నాలుగేళ్ళు వయసు తగ్గినట్లయింది. ఎక్కువ లాభం పొందినది వేగంగా పరుగెత్తే కుర్రవాళ్ళు కాదు, వయసు మళ్ళినవారు, నెమ్మదిగా పరుగెత్తినవారు. వారు చేసిన సాధన కూడ మహా భయంకరమైనదేమీ కాదు. వారానికి 10 నుండి 20 కిలోమీటర్లు మాత్రమే.

మోకాళ్ళు అరిగిపోతాయని మన పెద్దలు అంటారు. మొదటిసారి మారథాన్‌కు సిద్ధమైన 82 మంది నడివయస్కుల మోకాళ్ళను ఎం.ఆర్.ఐ. తీసి చూశారు. ముందునుండే నొప్పి లేకుండ దాగి ఉన్న ఎముక లోపాలు కొన్ని పందెం తర్వాత మెరుగుపడ్డాయి. అయితే మోకాలి చిప్ప వెనుకనున్న మృదులాస్థి కొందరిలో కొంచెం దెబ్బతిన్నది. కాబట్టి పెద్దల మాట పూర్తిగా తప్పూ కాదు, ఒప్పూ కాదు. ఇదివరకే మోకాలి నొప్పితో కుంటుతున్నవారికి ఈ ఫలితాలు వర్తించవని గుర్తుంచుకోవాలి.

గుంపు మేలు చేస్తుంది, కీడూ చేస్తుంది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మంచం మీది నుండి లేపిన ఆ గుంపే ఆగవలసిన మనిషిని ఆగనివ్వదు.

లండన్ మారథాన్‌లో ఎందరో ఏదో ఒక ధర్మసంస్థ కోసం చందాలు పోగుచేసి పరుగెత్తుతారు. కాన్సరుతో పోయిన తల్లి పేరు మీద, జబ్బుపడిన బిడ్డ పేరు మీద. ఆఫీసులో, వీధిలో, బంధువుల దగ్గర డబ్బు తీసుకున్న తర్వాత, మార్చి నెలలో కాలి ముందు ఎముక నొప్పి మొదలైతే ఆ మనిషి ఏం చేయాలి? “ఇంత దూరం వచ్చి ఇప్పుడు మానేస్తావా?” అని స్నేహితులు ప్రేమతోనే అంటారు. అతను రెండు మాత్రలు మింగి మరల వస్తాడు.

ఎముకలో జరిగేదేమిటో తెలిస్తే ఈ మాట అనరు. ఎముక రాయి కాదు, ప్రాణమున్న పదార్థం. భారం పెరిగినప్పుడు పాత ఎముకను కొన్ని కణాలు ముందు తవ్వేస్తాయి, ఆ తర్వాత వేరే కణాలు వచ్చి కొత్త ఎముకతో నింపుతాయి. తవ్వడం త్వరగా అవుతుంది, నింపడానికి చాల వారాలు పడుతుంది. మన ఊళ్ళో రోడ్డు బాగు చేయడానికి గుంటలు తవ్వి, ఇంకా కంకర పోయకముందే దాని మీద లారీలు నడిపిస్తే ఏమవుతుంది? ఎముక విషయంలో జరిగేదీ అదే. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాలలో బలపడి “ఇంకా పరుగెత్తగలను” అంటాయి. ఎముక మాత్రం వెనుకబడి ఉంటుంది. ఆ సమయంలో దూరం ఒక్కసారిగా పెంచితే సన్నని పగులు ఏర్పడుతుంది. దీనిని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. మోకాలి క్రింది ముందు ఎముకలోను, పాదంలోని సన్నని ఎముకలలోను ఇది ఎక్కువ.

కండరాల నొప్పి రెండు కాళ్ళలోను ఉంటుంది, చాలా మేర వ్యాపించి ఉంటుంది, కొంచెం వేడెక్కితే తగ్గుతుంది. పగులు నొప్పి వేరు. ఒక్క వేలితో చూపించగలిగినంత చోటనే ఉంటుంది. పరుగెత్తేకొద్దీ పెరుగుతుంది. ఒంటికాలి మీద గెంతితే కలుక్కుమంటుంది. ముదిరితే రాత్రి పడుకున్నా నొప్పే. మొదటి రెండు మూడు వారాలు మామూలు ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. “ఎక్స్‌రే బాగానే ఉంది కదా” అని మళ్ళీ పరుగుకు వెళ్ళినవారు అనేకులు. అనుమానం ఉంటే ఎం.ఆర్.ఐ. అవసరం. సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాలు పరుగు మానితే ఇది అతుక్కుంటుంది.

ఒక్క చోటు మాత్రం ఒక్క రోజు కూడ ఆలస్యం పనికిరాదు. గజ్జలో నొప్పి, కాలు మోపితే పెరిగే నొప్పి, తొడ ఎముక మెడ భాగంలో పగులు కావచ్చు. అది పూర్తిగా విరిగిందంటే ఆపరేషను, కొందరికి జీవితాంతం కుంటుతనం. అటువంటివారిని నడిపించకుండ ఆసుపత్రికి తీసుకురావాలి.

యువతుల విషయంలో ఒక మాట. పరుగు పెరిగి భోజనం తగ్గితే నెలసరి ఆగిపోతుంది. కొందరు అమ్మాయిలు దీన్ని మంచి ఫిట్‌నెస్ లక్షణమనుకుంటారు. కాదు. శరీరం ఆకలితో ఉందనీ, ఎముకలు పలచబడుతున్నాయనీ అది చెబుతున్న సంగతి. మూడు నెలలు నెలసరి రాకపోతే డాక్టరును కలవాలి. శాకాహారులు రక్తంలో ఇనుము పరీక్ష కూడ చేయించుకోవడం మంచిది. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఇనుము నిల్వ తగ్గి ఉండవచ్చు. ఇంగ్లండులో ఉన్న మనవారికి ఇంకొకటి: అక్కడి శీతాకాలపు ఎండ విటమిన్ డి తయారుకు చాలదు. మన వంటి చామనచాయ చర్మం గలవారు రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి ఏడాది పొడవునా తీసుకునే విషయం ఆలోచించాలని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య శాఖే సలహా ఇస్తోంది.

నీళ్ళు ఎక్కువైనా ప్రమాదమే

ఈ మాట మన పాఠకులకు వింతగా ఉంటుంది. మే నెలలో ఉపాధి పనికి, పొలం పనికి వెళ్ళేవారికి “నీళ్ళు త్రాగండి, మజ్జిగ త్రాగండి” అని మేమే చెబుతుంటాము. ఆ సలహా మారలేదు. కాని చల్లని వాతావరణంలో నెమ్మదిగా ఐదారు గంటలు పరుగెత్తే మనిషి కథ వేరు. దారి పొడవునా నీళ్ళ బల్లలుంటాయి. దాహం లేకపోయినా ప్రతి బల్ల దగ్గర ఆగి త్రాగుతాడు. శ్రమలో ఉన్న శరీరం నీటిని మూత్రంగా వదలకుండ పట్టి ఉంచే హార్మోనును విడుదల చేస్తుంది. త్రాగిన నీరు లోపలే నిలిచిపోయి రక్తంలోని ఉప్పును, అనగా సోడియంను, పలుచన చేస్తుంది. మామూలుగా సోడియం 135 నుండి 145 మధ్య ఉండాలి. బాగా తగ్గితే మెదడు వాస్తుంది.

అమెరికాలో బోస్టన్ నగరపు మారథాన్ కూడ ఏప్రిల్‌లోనే. 2002లో అక్కడ పరుగు ముగించిన 488 మంది రక్తం పరీక్షిస్తే నూటికి 13 మందిలో సోడియం 135 లేక అంతకు తక్కువ ఉంది. ముగ్గురిలో 120 లేక అంతకు తక్కువ, అంటే ప్రాణాపాయ స్థితి. పందెం ముగిసేసరికి బరువు పెరిగినవారు, నాలుగు గంటలు దాటినవారు ఎక్కువగా దీని బారిన పడ్డారు. అదే పందెంలో ఒక యువతి ఈ కారణంగా మరణించింది. లండన్‌లో 2007లో ఒక యువకుడూ ఇలాగే చనిపోయాడు.

లక్షణాలు మోసం చేస్తాయి. తలనొప్పి, వాంతి, కడుపు ఉబ్బరం, వేళ్ళు వాచి ఉంగరం బిగుసుకోవడం, తికమకగా మాట్లాడటం, చివరికి ఫిట్స్. చూసినవారు “నీరసించాడు, నీళ్ళివ్వండి” అంటారు. ఆ నీళ్ళే చంపుతాయి. పరుగు తర్వాత తికమకపడుతున్న మనిషికి సోడియం చూడకుండ సెలైన్ ఎక్కించడం కూడ మంచిది కాదు. తీవ్రమైన స్థితిలో ఇవ్వవలసినది గాఢమైన ఉప్పు ద్రావణం, అది ఆసుపత్రి పని. రంగు నీళ్ళ స్పోర్ట్స్ డ్రింకులు కాపాడతాయనుకోవద్దు. వాటిలో ఉప్పు కొంచెమే, మిగిలినదంతా నీరే.

మరి ఎంత త్రాగాలి? దాహమైనప్పుడు దాహం తీరేంత. దీనికి క్లబ్బులో చేయదగిన పని ఒకటుంది. పెద్ద పరుగుకు ముందు, తర్వాత తూకం వేసుకోండి. ఒక కిలో తగ్గితే సుమారు ఒక లీటరు చెమట పోయినట్లు. కొద్దిగా తగ్గడం సహజం. బరువు పెరిగి ఉంటే మాత్రం మీరు అవసరానికి మించి త్రాగుతున్నారు.

ఎండ, మాత్రలు, గుండె

2018 మార్చిలో ఇంగ్లండులో మంచు కురిసింది. ఆ మంచులో సాధన చేసినవారు ఏప్రిల్ 22న పందెానికి వచ్చేసరికి ఉష్ణోగ్రత 24.1 డిగ్రీలు. లండన్ మారథాన్ చరిత్రలో అప్పటికి అదే అత్యధిక వేడి. మన విజయవాడవారు నవ్వుకుంటారు, అది మనకు జనవరి వాతావరణం. కాని శరీరం వేడికి అలవాటు పడటానికి పది నుండి పద్నాలుగు రోజులు కావాలి. వారికి ఆ రోజులు దొరకలేదు. వేగం తగ్గించమనీ, జంతువుల వేషాల వంటివి వేసుకుని పరుగెత్తే ఆలోచన మానుకోమనీ నిర్వాహకులు ముందే హెచ్చరించారు. (అవును, ఖడ్గమృగం వేషంలో 42 కిలోమీటర్లు పరుగెత్తేవారు అక్కడ ఉన్నారు.) మన హైదరాబాద్ మారథాన్‌ను వేసవిలో కాక ఆగస్టులో తెల్లవారుజామున నిర్వహించడంలోని వివేకం ఇదే. ఒళ్ళు కాలిపోతూ, మతి తప్పి మాట్లాడుతున్నవానిని ముందు చల్లబరచాలి, ఆ తర్వాతనే వాహనం ఎక్కించాలి. చల్లని నీటి తొట్టిలో కూర్చోబెట్టడం అన్నిటికంటె మేలు. అది లేకపోతే నీళ్ళు పోస్తూ, గాలి విసురుతూ ఉండాలి.

నొప్పి మాత్రల సంగతి క్లుప్తంగా. జర్మనీలోని బాన్ నగరంలో 2010 మారథాన్‌లో దాదాపు సగం మంది పరుగుకు ముందే మాత్ర వేసుకున్నారు. ఆసుపత్రి పాలైన తొమ్మిది మందీ మాత్రలు వేసుకున్నవారే. ఐబుప్రోఫెన్ వేసుకున్న ముగ్గురికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఆస్పిరిన్ వేసుకున్నవారిలో కడుపులో రక్తస్రావం, గుండెపోటు కనిపించాయి. పరుగుకు ముందు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. మాత్ర లేకుండ పరుగెత్తలేనంత నొప్పి ఉంటే ఆ రోజు పరుగే వద్దు.

గుండె ఆగిపోవడం చాల అరుదు. అమెరికాలో 2000 నుండి 2010 వరకు మారథాన్, హాఫ్ మారథాన్‌లలో పాల్గొన్న కోటి తొమ్మిది లక్షల మందిలో 59 మందికి గుండె ఆగింది, అంటే లక్షా 84 వేల మందికి ఒకరు. వారిలో 42 మంది మరణించారు. తర్వాతి సంవత్సరాలలో గుండె ఆగేవారి నిష్పత్తి తగ్గలేదు, కాని మరణాలు సగానికి పడిపోయాయి. పక్కనున్నవారు వెంటనే ఛాతీ నొక్కడం, కరెంటు షాకు ఇచ్చే యంత్రం దగ్గరలో ఉండడం దీనికి ముఖ్య కారణాలుగా భావిస్తున్నారు. కాబట్టి ప్రతి క్లబ్బూ ఒక సాయంత్రం పరుగు మాని ఛాతీ నొక్కడం నేర్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను. నిమిషానికి 100 నుండి 120 సార్లు, రెండంగుళాల లోతు, సహాయం వచ్చేవరకు ఆపకుండ.

దక్షిణాసియావారికి గుండెజబ్బు, షుగరు ఇతరులకంటె చిన్న వయసులో వస్తాయి. సన్నగా కనబడినంత మాత్రాన ధైర్యపడరాదు. నలభై దాటినవారు, ఇంట్లో చిన్న వయసులో హఠాన్మరణం జరిగినవారు, బి.పి., షుగరు ఉన్నవారు, పొగ త్రాగేవారు డిసెంబరులోనే డాక్టరును కలవాలి, ఏప్రిల్‌లో కాదు. పరుగులో ఛాతీ బరువు, దవడకు లేక ఎడమ చేతికి పాకే నొప్పి, స్పృహ తప్పడం, ఎప్పుడూ లేని ఆయాసం కలిగితే ఆ క్షణమే ఆగాలి. జ్వరం, ఒళ్ళు నొప్పులు, ఛాతీలో కఫం ఉన్నప్పుడు సాధన చేయకూడదు. వైరస్ గుండె కండరాన్ని తాకి ఉండవచ్చు. ముక్కు కారడం మాత్రమే అయితే నెమ్మదిగా కొద్ది దూరం వెళ్ళవచ్చు.

పందెం తర్వాత

గీత దాటగానే కూలబడకుండ కొంచెంసేపు నడవాలి. హఠాత్తుగా ఆగితే రక్తం కాళ్ళలో నిలిచి కళ్ళు తిరుగుతాయి. రెండు మూడు రోజులు మెట్లు దిగడం కష్టం, అది మామూలే. మూత్రం కాఫీ రంగులో వస్తే, లేక పూటంతా మూత్రమే రాకపోతే, కండరాలు కరిగి మూత్రపిండాలకు అడ్డుపడుతున్నాయేమోనని అనుమానించి వెంటనే రావాలి. తర్వాత రెండు వారాలు పెద్ద పరుగులు వద్దు.

గుంపులో చర్చించుకోవడానికి

1. మీ గుంపులో ఒక సోదరి తన చనిపోయిన తండ్రి పేరు మీద చందాలు పోగుచేసింది. పందెం ఇంకా నాలుగు వారాలుంది. కాలి ముందు ఎముక మీద ఒకే చోట నొప్పి అంటోంది, ఎక్స్‌రే బాగుంది. ఆమెతో ఎవరు మాట్లాడాలి? మొదటి మాట ఏమని చెప్పాలి?

2. ఐదు గంటల పరుగు తర్వాత ఒక సభ్యుడు వాంతి చేసుకొని, తన పేరు తప్పు చెబుతున్నాడు. ఒంటి వేడి మామూలుగానే ఉంది. ఒకరు నీళ్ళ సీసా తెచ్చారు. మీరేమి చేస్తారు?